‘పొద్దున చూద్దాంలే’ అనుకున్నాం

మాది మైదుకూరు దగ్గర పల్లె. 2022 ఎండాకాలంలో ఓ రాత్రి సంగటి కెలుకుతా ఉన్న మా అత్త ఉన్నట్టుండి తెడ్డు వదిలేసింది. “సెయ్యి తిమ్మిరెక్కిందిమ్మే” అంది. మాట ముద్దగా వచ్చింది. మూతి కాస్త పక్కకి లాగింది.

“పొద్దున చూద్దాంలే” అన్నారు ఇంట్లోవాళ్లు. నేనూ సరేనన్నాను. పక్కింటావిడ చెప్పిందని పావురం రక్తం కూడా పూశాం. తెల్లారేసరికి కుడి చెయ్యీ, కాలూ పడిపోయాయి. కడప ఆసుపత్రిలో డాక్టరుగారు స్కానింగు చూసి, “రాత్రే తెచ్చుంటే బాగుండేదమ్మా” అన్నారు.

రాత్రి ఒట్టి తిమ్మిరి, పొద్దునకి పక్షవాతం! ఎందుకలా అని తర్వాత తెలుసుకున్నాను. మెదడులో రక్తనాళం మూసుకుపోతే కణాలన్నీ ఒకేసారి చావవు. రక్తం బొత్తిగా అందనివి నిమిషాల్లో పోతాయి. చుట్టూ ఉన్నవి గంటల తరబడి కొనఊపిరితో ఉంటాయి.

కొన్ని ఇంకా ఆలస్యంగా చస్తాయని 1982లో జపాన్ వైద్యుడు తకాకి కిరినో చూపించారు. జెర్బిల్ అనే ఎలుకలకి 5 నిమిషాలు మెదడుకు రక్తం ఆపి, మళ్లీ వదిలారు. మర్నాటికి కణాలు బాగానే కనిపించాయి. నాలుగో రోజుకి, జ్ఞాపకశక్తికి సంబంధించిన చోట చాలావరకు చచ్చిపోయాయి. రక్తం ఆగినప్పుడు కణంలోకి కాల్షియం హద్దు మీరి చొరబడి లోలోపల దెబ్బతీస్తుందట. అలాగని కాల్షియం తినడం మానక్కర్లేదు, అది వేరే సంగతి.

బెట్టకొచ్చిన చెనిక్కాయ చేను చూశారుగా? ఒక మూల మాడినా, తక్కిన మొక్కలు తలవాల్చి బతికే ఉంటాయి. ఆ పూట తడి అందితే లేస్తాయి. వారం తర్వాత వానొచ్చి ఏం లాభం?

మెదడుకూ అంతే. పక్షవాతంలో వైద్యం అందని ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో లెక్కకట్టారు. గడ్డని కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అదీ స్కానింగులో రక్తస్రావం లేదని తేలాకే.

అందుకే మూతి వంకరపోయినా, ఎత్తిన చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోను చెయ్యండి. ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకోండి. నోట్లో కాఫీ, నీళ్లు, మాత్రలు ఏవీ వెయ్యొద్దు. పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే, ఆసుపత్రికి పోవాల్సిందే. బీపీ మాత్రలు మానొద్దు. మా అత్త మానేసి అప్పటికి నెలయింది.

ఇప్పుడామె కర్నూల్లో మా ఆడబిడ్డ దగ్గరుండి వ్యాయామాలు చేస్తోంది. ఎడమ చేత్తో అన్నం తింటుంది. ఆ రాత్రి గురించి నన్ను ఒక్క మాటా అనలేదు. నాకు అదే బరువు.