ముట్లుడుగు ప్రాయమున దేహపరిశ్రమ

మన దేశమున స్త్రీలకు సగటున 46, 47 ఏండ్ల ప్రాయమున ముట్లుడుగును. అంతకు కొన్ని యేండ్ల ముందునుండియే అవి క్రమము తప్పును. ఉన్నట్లుండి ఒడలు ఆవిరులెత్తును. రాత్రులందు చెమటలు పట్టి నిద్ర చెడును. ఇది వ్యాధి కాదు. అండాశయములు స్రవించు ఈస్ట్రోజన్ తగ్గుటయే దీనికి ముఖ్య కారణము. అయితే ఎముకలను కాపాడునదియు ఆ ఈస్ట్రోజనే. అది తగ్గినకొలది ఎముకల సాంద్రత తరుగును.

"ఇంటి చాకిరి చాలదా?" యని పలువురు స్త్రీలు అడుగుదురు. ఆ చాకిరి అలసటను గలిగించును గాని, కండలకును ఎముకలకును వలసినంత బలము నీయజాలదు. వారమునకు 150 నిమిషములకు తక్కువగాక చురుకుగా నడువవలెను. ఇదిగాక వారమున 2 దినములైనను కండలకు పని కల్పింపవలెను. చేతుల ఊత లేక కుర్చీనుండి పదిమారులు లేచి కూర్చుండుట, గోడ పట్టుకొని మునివ్రేళ్లపై నిలుచుట చాలును. వీనికి కానీ ఖర్చు లేదు. మోకాళ్లు నొచ్చువారు ఎత్తైన కుర్చీతో ఆరంభింపవచ్చును. ఆవిరులు బాధించువారు ప్రొద్దుటి చల్లనివేళ నడచుట మేలు. నిద్ర పట్టనివారు సాయంకాలపు కాఫీని మాని చూడవలెను. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు ఆహారమున నుండవలెను.

అధిక రక్తస్రావమును "వయస్సు గుణ" మని ఓర్చుకొనరాదు. ముట్లు 12 మాసములు పూర్తిగా నిలిచిన పిమ్మట మరల రక్తము కనిపించినచో, అది ఒక్క చుక్కయే యైనను, ఆలసింపక వైద్యునిచే పరీక్ష చేయించుకొనవలెను.