స్టీరింగ్ ఆయిల్ కారుతోందా? ఏ పైపో ముందు చూడండి

మా పాత డీజిల్ బండికి పదిహేనేళ్లు దాటాయి. ఒకరోజు పొద్దున బయటికి తీశాక చూస్తే, ముందు చక్రం నిలిచిన చోట గచ్చు మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. ఇంజిన్ ఆయిల్ అయితే నల్లగా ఉండేది, కూలెంట్ అయితే ఇంత జిడ్డుండదు. వీధి మలుపులో స్టీరింగ్ తిప్పగానే బానెట్ కింద నుంచి గుయ్‌మని మూలుగు. పవర్ స్టీరింగ్ ఆయిల్ కారుతోందని తేల్చడానికి మెకానిక్ అక్కర్లేకపోయింది. ఇంట్లో బాగుచేసుకోవచ్చా అన్నదే ప్రశ్న. అది ఏ పైపు కారుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఈ బెడద లేదు. వాటిలో స్టీరింగ్‌కు సాయం పట్టేది కరెంటు మోటారు. ఆయిల్‌తో నడిచేది పాత పద్ధతి. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజినీరు 1920లలోనే దాన్ని తయారుచేసి చూపించినా, మామూలుగా కొనుక్కునే కారులోకి అది వచ్చింది 1951లో, క్రిస్లర్ ఇంపీరియల్‌తో.

అందులో ఉన్నది ఇంతే. ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు ఒకటి, ఆయిల్ డబ్బా ఒకటి, చక్రాలను తిప్పే ర్యాక్ ఒకటి. మనం స్టీరింగ్ తిప్పినప్పుడు దాని అడుగున ఉన్న సన్నని ఉక్కు కడ్డీ రవ్వంత మెలితిరుగుతుంది. ఆ మెలికను బట్టి వాల్వు తెరుచుకుని, పంపు తోసిన ఆయిల్‌ను ర్యాక్‌లోని పిస్టన్‌కు ఎడమ పక్కకో కుడి పక్కకో పంపుతుంది. పంపు నుంచి ర్యాక్‌కు వెళ్లేది ప్రెషర్ పైపు. పని అయిపోయిన ఆయిల్‌ను డబ్బాకు చేర్చేది రిటర్న్ పైపు. రెండింటిలోనూ పారేది ఒకే ఆయిల్, తేడా అంతా ఒత్తిడిలోనే.

రిటర్న్ పైపులో ఒత్తిడి నామమాత్రం. ప్రెషర్ పైపులో మాత్రం, స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పినప్పుడు, చాలా బండ్లలో 80 బార్లు దాటుతుంది. టైర్లో మనం కొట్టించే గాలికి అది 35 రెట్లకు పైనే. నీటి లెక్కలో చెప్పాలంటే 80 బార్లంటే సుమారు 800 మీటర్ల నీటి నిలువు. నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు సుమారు 124 మీటర్లు. అలాంటివి ఆరు ఒకదాని మీద ఒకటి పేర్చితే అట్టడుగున ఉండే ఒత్తిడిని, మన వేలంత లావు పైపు పార్కింగ్ చేసిన ప్రతిసారీ మోస్తోందన్నమాట.

కారే చోటు పట్టుకోవడానికి ఓపిక కావాలి. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. చుక్క పడేచోటు ఒకటైతే చిల్లు ఇంకెక్కడో ఉంటుంది. ఇంజిన్ చల్లారాక పైపులన్నీ గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఇంకొకరిని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమనాలి. అన్నిటికన్నా పైన తడి ఎక్కడ కనిపిస్తే అక్కడ అనుమానించాలి. చేత్తో మాత్రం తడమొద్దు. సూదిమొనంత చిల్లులోంచి చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి చిన్న గాటులా కనిపించినా అది వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం. అందుకే అట్టముక్క అడ్డం పెట్టి చూస్తారు.

రిటర్న్ పైపే కారుతుంటే అదృష్టం. అది ఉత్త రబ్బరు గొట్టం, రెండు చివరలా రెండు క్లిప్పులు. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి రబ్బరు మెత్తదనం పోయి, క్లిప్పు కింద బీటలు వారుతుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్‌కు తట్టుకునే గొట్టం అదే కొలతలో కొనుక్కొచ్చి, కింద పళ్లెం పెట్టి పాతది లాగేసి కొత్తది ఎక్కించి, స్క్రూ క్లిప్పులు బిగిస్తే గంటలో పని అయిపోతుంది. తోటకు వాడే నీళ్ల పైపు ముక్క ఉంది కదా అని పెట్టకండి, ఆ వేడి ఆయిల్‌కు అది నిలవదు.

ప్రెషర్ పైపు సంగతి వేరు. దాని రబ్బరు పొరల మధ్య గట్టి అల్లిక ఉంటుంది, చివరలు ఉక్కు గొట్టానికి మిషన్‌తో నొక్కి బిగించి ఉంటాయి. మధ్యలో కోసి క్లిప్పు వేస్తే ఏమవుతుందో లెక్క కడదాం. లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లు అనుకుంటే, 80 బార్ల దగ్గర ఆ అతుకును ఊడదీయడానికి తోసే బలం 60 కిలోలకు పైమాటే. ఒక మనిషి ఆ గొట్టానికి వేలాడినట్టు. క్లిప్పు పట్టేది పై రబ్బరునే, దానికి అంత బలం ఎక్కడిది? ఊడిన ఆయిల్ వేడెక్కిన సైలెన్సర్ గొట్టం మీద పడితే మంటలు కూడా రావచ్చు. అందుకని ఇంట్లో పైపు విప్పి, దాన్ని ట్రాక్టర్లకూ జేసీబీలకూ హైడ్రాలిక్ పైపులు నొక్కే షాపుకు పట్టుకెళ్లాలి. లేదా కంపెనీ పైపు కొనాలి. విప్పడం, బిగించడం మన పని, నొక్కడం మాత్రం మిషన్ పని.

ఒక్కోసారి పైపు బాగానే ఉండి, పంపు దగ్గరి రాగి వాషర్లు కారుస్తాయి. రాగి ఒకసారి నలిగితే గట్టిపడుతుంది, రెండోసారి బిగిస్తే సందుల్లో సర్దుకోదు. పాత మెకానిక్‌లు దాన్ని ఎర్రగా కాల్చి చల్లార్చి మళ్లీ మెత్తబరిచేవారు. కొత్త వాషర్లకు పెద్ద ఖర్చేం కాదు కాబట్టి అవే వేయండి.

ఆయిల్ ఏది పోయాలో డబ్బా మూత మీద గానీ బండితో వచ్చిన పుస్తకంలో గానీ ఉంటుంది. అన్ని బండ్లకూ ఎర్రదే కాదు. బ్రేక్ ఆయిల్ మాత్రం పొరపాటున కూడా పోయొద్దు, లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. లీకేజీ ఆపుతాయని సీసాల్లో అమ్మే మందులు ఎండిన సీళ్లను కాస్త ఉబ్బించగలవేమో గానీ, చిల్లు పడిన పైపును అతికించలేవు. నేనైతే వాటి మీద డబ్బు పెట్టను.

చివరగా గాలి తీయాలి. ఆయిల్ నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. అందుకే గాలి చేరితే పంపు మూలుగుతుంది, డబ్బాలో నురుగు కడుతుంది. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రాలు లేపి, జాకీని ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు కూడా పెట్టాలి. ఇంజిన్ ఆపి ఉంచే స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా పదిహేను ఇరవై సార్లు తిప్పుతూ, తగ్గినకొద్దీ ఆయిల్ పోయాలి. నురుగు పోయాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి. చివరిదాకా తిప్పి అలాగే పట్టుకోకండి, అప్పుడు పంపు, ఆయిల్ రెండూ విపరీతంగా వేడెక్కుతాయి.

మా బండిలో పోయింది రిటర్న్ పైపే. పళ్లెంలో పట్టిన పాత ఆయిల్‌ను మురుగు కాలవలో పోయకుండా, మూత గట్టిగా ఉన్న సీసాలో నింపి, వాడిన ఆయిల్ తీసుకునే షెడ్డులో ఇచ్చాను. మీరూ అలాగే చేయండి.