కరివేపాకు పురుగును నలిపేయకండి!

పోపులోకి కరివేపాకు కోయబోతే, ఆకు మీద పిట్టరెట్టలాంటి పురుగు కనిపించిందా? ఛీ అనుకోకండి. అది పెరిగి పచ్చగా మారి, చివరికి సీతాకోకచిలుక అవుతుంది!

మన ఎల్.బి.నగర్ దాటాక వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది కదా! ఒకప్పుడది నిజాం వేటస్థలం. 1994లో జాతీయ పార్కు అయింది. చుట్టూ కాలనీలు, పక్కనే విజయవాడ రోడ్డు. ఇలా నలిగిన అడవి ఎంత బాగుందో తెలియాలంటే సీతాకోకచిలుకల్ని లెక్కపెట్టడం ఒక మార్గం. ఎండ కాసే పూట ఒకే దారిన మెల్లగా నడుస్తూ, అటూ ఇటూ రెండున్నర మీటర్లలో కనిపించినవి రాసుకుంటారు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే దారి, అదే లెక్క.

లెక్క దేనికంటారా? ఒక్కో రకం పురుగుకు ఒక్కో తిండి. ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు, కామన్ ఎమిగ్రెంట్‌కు రేల, కామన్ కాస్టర్‌కు ఆముదం. మొక్క పోతే ఆ రెక్కలూ పోతాయి.

దిల్‌సుఖ్‌నగర్ మేడమీది కుండీకైనా ఇదే సూత్రం. మందు కొట్టకుండా ఆ పురుగుకు నాలుగు రెమ్మలు వదిలేయండి. మన చారుకు మిగిలింది చాలదూ?