చేతిలో పేక... జేబులో డైరీ!

ఎదురుగా కూర్చున్న మనిషి బిస్కెట్టు తింటాడు. అంతే! ఆ బిస్కెట్టుతోనే అతని కొంప మునుగుతుంది.

1998లో వచ్చిన 'రౌండర్స్' అనే హాలీవుడ్ చిత్రం చూసినవారికి ఈ సీను గుర్తుండే ఉంటుంది. జాన్ మాల్కొవిచ్ రష్యన్ జూదగాడు. మాట్ డేమన్ లా చదివే కుర్రాడు. మాల్కొవిచ్ చేతిలో మంచి ముక్కలు పడినప్పుడల్లా బిస్కెట్టుని చెవి దగ్గర పెట్టుకుని విడదీసి తింటాడు. ముక్కలు బాగులేకపోతే తినడు. కుర్రాడు అది కనిపెడతాడు. గెలవాల్సినంత బలమైన పేకని కూడా బల్లమీద పారేసి, పెద్ద నష్టం తప్పించుకుంటాడు.

సినిమా గనక ఒక్క బిస్కెట్టుతో పని జరిగిపోయింది. నిజంగా పోకరు ఆడేవాళ్ళని అడగండి... నవ్వుతారు. ఎదుటివాడి గుట్టు అంత తేలిగ్గా దొరకదు, దొరికిన చిన్న చిన్న ఆనవాళ్ళు మర్నాటికి గుర్తుండవు. అంచేత వాళ్ళు చేసే పని ఒకటుంది. రాసుకుంటారు! చిన్న డైరీలోనో, సెల్‌ఫోనులోనో, ఎవడు ఎప్పుడు ఎంత పందెం కాశాడు, చివరికి ఏ ముక్కలు చూపించాడు అని, పరీక్షకి చదివే పిల్లల్లా నోట్సు!

నోట్సు పేట

నోట్సంటే మన హైదరాబాదులో ముందు గుర్తొచ్చేది అమీర్‌పేట, దాని పక్కనే ఎస్.ఆర్. నగర్. ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, తరవాత రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డిగారి పేరు మీద వెలిసిన కాలనీ ఇది. ఇవాళ ఏ సందులో చూసినా హాస్టళ్ళు, ఏ మలుపు తిరిగినా జిరాక్సు షాపులు. సాఫ్ట్‌వేర్ కోర్సుల నోట్సు కట్టలు కట్టలుగా అమ్ముడుపోయే చోటు. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చాక జనం ఇంకా పెరిగారు.

ఇలాంటి చోట సాయంత్రంపూట నలుగురు కుర్రాళ్ళు పేక ముందేసుకుని కూర్చోవడం వింతేమీ కాదు. కాని ఒక్క సంగతి ముందే చెప్పుకుందాం. తెలంగాణలో డబ్బు పెట్టి పోకరు ఆడటం నేరం. చింతపిక్కలు పెట్టి ఆడితే మీ ఇష్టం! డబ్బుతోనే ఆడాలనే సరదా ఉన్నవాళ్ళు గోవా దారి పడతారు. అక్కడ మాండవి నదిలో నిలబడ్డ ఓడల మీద కాసినోలకి లైసెన్సు ఉంది. అంటే చదువు ఎస్.ఆర్. నగర్‌లో, పరీక్ష పణజిలో!

సికిందరాబాదు కేసు

అసలు పేకాటలో జ్ఞాపకశక్తికి కోర్టు మర్యాద దక్కింది మన ఊళ్ళోంచే సుమండీ!

1963 మే నెలలో సికిందరాబాదులోని క్రిసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల రమ్మీ ఆడుతున్నారు. కేసు పెట్టారు, మేజిస్ట్రేటు శిక్ష వేశారు. హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం ఊరుకుంటుందా? సుప్రీం కోర్టుకి వెళ్ళింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లాగారు తీర్పు చెప్పారు. మూడు ముక్కలాట అచ్చంగా అదృష్టం మీద ఆడేది. రమ్మీ అలా కాదు, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కనక అది ముఖ్యంగా నైపుణ్యపు ఆట అన్నారు. క్లబ్బు గెలిచింది.

చూశారా, గుర్తుపెట్టుకోవడమే నైపుణ్యానికి సాక్ష్యం అయింది! రమ్మీ ఆడేవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. మన తరవాతి చేతివాడు ఇస్పేటు తొమ్మిది ఎత్తాడంటే, ఇక ఇస్పేటు ఎనిమిదీ పదీ మన చేతిలోంచి జారనివ్వం. ఎవరు మొదట్లోనే 20 పాయింట్లిచ్చి డ్రాపయిపోతారో, ఎవరు ఫుల్ కౌంటు 80 పడేదాకా లేవరో నాలుగాటల్లో తెలిసిపోతుంది. కాని రమ్మీ బల్ల దగ్గర కాగితం మీద ఎక్కేది కౌంటు ఒక్కటే. మిగతాదంతా బుర్రలోనే.

ఆ తీర్పు నీడ చాలా ఏళ్ళు నిలిచింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, డబ్బు పందెంతో ఆడే రమ్మీకి ఆ రక్షణ తీసేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు మరో అడుగు వేసి, నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడించే ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది.

కంటిన్యుటీ రాసినట్టు!

సరే, పోకరులో ఏం రాసుకుంటారు? ఆట తెలియనివారికి రెండు ముక్కల్లో చెప్పాలంటే... నిజంగా రెండు ముక్కలే! ఒక్కొక్కరికి రెండు ముక్కలు రహస్యంగా పంచుతారు. బల్ల మీద అయిదు ముక్కలు అందరికీ కనిపించేట్టు పరుస్తారు, మొదట మూడు, తరవాత ఒకటి, ఆ తరవాత ఇంకొకటి. మొత్తం నాలుగు దఫాలు పందెం. నచ్చకపోతే ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. అందరూ తప్పుకుంటే చివరికి మిగిలినవాడు ఏ ముక్కలూ చూపించకుండానే డబ్బు లాక్కుంటాడు. అందుకే ఇందులో బుకాయింపుకి అంత చోటు!

రాసుకునే పద్ధతి మన సినిమావాళ్ళకి బాగా తెలిసిందే. ఎస్.ఆర్. నగర్ నించి నాలుగడుగులు వేస్తే శ్రీ సారథి స్టూడియో. అక్కడ షూటింగు చూసినవారికి కంటిన్యుటీ రాసే అసిస్టెంటు డైరెక్టరు గుర్తుంటాడు. హీరో గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నాడు, అందులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి, చొక్కా పై గుండీ పెట్టాడా లేదా... అదే అతను రాసేది. 'హీరో చాలా బాధగా ఉన్నాడు' అని రాస్తే మర్నాడు ఆ షాటు కలుస్తుందా? కలవదు. కంటికి కనిపించింది రాయాలి, మనసుకి తోచింది కాదు.

పోకరు నోట్సు కూడా అంతే. పనికిరాని నోట్సు ఇలా ఉంటుంది: 'మూడో సీటువాడు బలే గట్టివాడు. భయపడాలి.' పనికొచ్చే నోట్సు ఇలా ఉంటుంది: 'మూడో సీటు, నల్ల కళ్ళజోడు. మొదట మాట్లాడే చోట కూర్చుని పందెం పెంచాడు. ఆఖరి దఫా బల్ల మీదున్న డబ్బుకి సమానంగా కాశాడు. చూపించినవి: ఆసు, రాజు. ఆసు జత కలిసింది.' మొదటి దాంట్లో మన భయం ఉంది. రెండో దాంట్లో అతని ఆట ఉంది.

అన్నిటికంటె విలువైనది చివర్లో ముక్కలు చూపించిన ఆట. అక్కడ ఊహతో పనిలేదు. చూపించిన ముక్కల దగ్గర నించి వెనక్కి నడిస్తే, ఏ దఫాలో ఎంత కాశాడో, ఎంతసేపు ఆలోచించాడో అన్నిటికీ అర్థం దొరుకుతుంది. అందుకే తాము తప్పుకున్న ఆటని కూడా వదలకుండా చూస్తారు గడసరులు. మిగతావాళ్ళు టీ చెప్పేది, ఫోను చూసుకునేది సరిగ్గా అప్పుడే!

తొందరపడితే తలనొప్పే

ఇక్కడే ఒక పెద్ద గొయ్యి ఉంది. బల్ల దగ్గర ఆట నెమ్మది. పంచేవాడు ఎంత చురుకైనవాడైనా గంటకి 25, 30 ఆటలు మించవు. నాలుగు గంటలు కూర్చుంటే 120. ఆచితూచి ఆడేవాడు అయిదింట ఒకటి ఆడతాడనుకుందాం. అంటే 24. అందులో చాలామట్టుకు మధ్యలోనే ముగిసిపోతాయి. అతని ముక్కలు నాలుగైదుసార్లు కంటపడితే గొప్ప!

నాలుగైదు సాక్ష్యాలతో ఒక మనిషి జాతకం రాసెయ్యగలమా? వరసగా మూడుసార్లు పందెం పెంచగానే 'వీడు బుకాయిస్తున్నాడు' అని రాసేస్తారు తొందరపాటువాళ్ళు. లెక్క చూడండి. అయిదింట ఒకటి ఆడేవాడికి వరసగా మూడు మంచి పేకలు పడే అవకాశం 125లో ఒకటి. నాలుగు గంటల్లో 120 ఆటలు జరిగితే, ఏ బుకాయింపూ లేకుండానే అలాంటి వరస ఒకటి తగలడం పెద్ద వింత కాదు. 52 ముక్కల్లోంచి రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. ఏదో ఒక జత పడటం 17 ఆటలకి ఒకసారి, రెండు ఆసులు పడటం 221 ఆటలకి ఒకసారి. ఎవరికి ఎప్పుడు పడతాయో నోట్సుకి తెలియదు కదా! అంచేత తెలిసినవాళ్ళు తేదీ వేసి రాస్తారు, ఎన్నిసార్లు చూశారో అంకె వేస్తారు. కొత్త సంగతి కనిపిస్తే పాతది కొట్టేస్తారు.

శకుని నవ్వు

మొహం చూసి కనిపెట్టడం అబద్ధమా అంటే కాదు. 1984లో అమెరికాలో మైక్ కారో అనే ఆటగాడు దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. ఆయన చెప్పిన ముఖ్య సూత్రం సినిమావాళ్ళకి నచ్చుతుంది: బల్ల దగ్గర జనం నటిస్తారు! ముక్కలు బాగున్నవాడు నిట్టూర్పు విడుస్తాడు, బాగులేనివాడు ఛాతీ విరుచుకుంటాడు. నటన కనిపిస్తే దాన్ని తిరగేసి చదవాలి.

మరి అవతలివాడు మహానటుడైతే? 2006 నాటి 'కాసినో రాయల్'లో జేమ్స్ బాండ్‌కి అదే జరిగింది. ప్రత్యర్థి కన్ను దగ్గర వేలు పెట్టుకుంటే బుకాయిస్తున్నట్టు అని లెక్కగట్టాడు. ప్రత్యర్థి అది పసిగట్టి, మంచి ముక్కలు పెట్టుకుని మరీ వేలు పెట్టాడు. బాండ్ డబ్బంతా పోయింది! మనకి ఇదేం కొత్త? 'మాయాబజార్'లో సి.ఎస్.ఆర్. గారి శకుని, 'దానవీరశూరకర్ణ'లో ధూళిపాళగారి శకుని తలుచుకోండి. ఆ నవ్వుని చూసి లోపలేముందో ఎవడు రాసుకోగలడు? అందుకే వేలూ నవ్వూ కంటె పందెం మొత్తాన్ని ఎక్కువ నమ్ముతారు అనుభవజ్ఞులు. నవ్వడానికి ఖర్చు లేదు, పందానికి ఉంది.

రాసే మర్యాద

ఎదుటివాడి మొహంలోకి చూస్తూ చూస్తూ రాస్తే ఏమవుతుంది? వాడు ఆట మార్చేస్తాడు. లేదా తగువుకి వస్తాడు. అందుకే ఆట జరుగుతుండగా కలం ముట్టరు. ఆటకీ ఆటకీ మధ్యనో, లేచి బయటికి వెళ్ళినప్పుడో నాలుగు అక్షరాల్లో పొడిగా రాసుకుంటారు. చేతిలో ముక్కలుండగా ఫోను ముట్టనివ్వని కాసినోలు చాలా ఉన్నాయి. ముందుగా అక్కడి నియమం అడిగి తెలుసుకోవడం పెద్దమనిషి తరహా. మనుషుల గుర్తులు రాసేటప్పుడు 'నల్ల కళ్ళజోడు' చాలు, వెక్కిరింపులు అక్కర్లేదు. డైరీ ఏరోజైనా అవతలివాడి చేతిలో పడొచ్చు!

రాతకీ సహాయానికీ మధ్య గీత ఎక్కడ? 1970 నించి లాస్ వేగాస్‌లో జరుగుతున్న వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో 2024లో ఈ రగడే లేచింది. జొనాథన్ టమాయో ప్రధాన పోటీలో కోటి డాలర్లు గెలిచాడు. అతని మిత్రులు పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. ఇది ఆటా, కాపీయా అని గొడవైంది. తరవాత నిర్వాహకులు నియమాలు బిగించారు. పోకరులో పాత సూత్రం ఒకటే, ఒక చేతికి ఒకే బుర్ర. మన కంటితో చూసి మన చేత్తో రాసింది మనది. పక్కవాడు యంత్రంతో లెక్కగట్టి చెప్పింది మనది కాదు.

రాయని పేజీ

ఇంతా రాసేవాళ్ళు తరచు వదిలేసే పేజీ ఒకటుంది. తమ పేజీ! ఎన్ని గంటలు ఆడాను, ఎంత పెట్టాను, ఎంతతో లేచాను, ఎప్పుడు కోపంతో ఆడాను... ఇది రాయమంటే చెయ్యి ఆడదు. గెలిచిన రాత్రి అందరికీ గుర్తుంటుంది, ఓడిన రాత్రులు లెక్కలోకి రావు. పైగా ప్రతి ఆటలోంచీ కాసినో తన వాటా తీసుకుంటుంది. సమానమైన తొమ్మండుగురు తెల్లవార్లూ ఆడితే తెల్లారేసరికి అందరి జేబులూ కలిపి చూస్తే తగ్గే ఉంటాయి. అంటే నష్టపోకుండా ఉండాలంటేనే మిగతావాళ్ళకంటె మెరుగ్గా ఆడాలి. హాస్టలు ఫీజుకని ఇంటినించి వచ్చిన డబ్బు మీద ఆ ప్రయోగం చెయ్యకూడదు. ఎదుటివాళ్ళ గురించి వంద పేజీల నోట్సున్నా ఆ నష్టం పూడదు.

భారతంలో నలుడి కథ తెలిసిందే. పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు. తరవాత ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరాడు. ఆ రాజు దారిలో తాండ్రచెట్టుని చూసి ఆకులూ కాయలూ ఇన్నని చెప్పాడు. నలుడు ఊరికే నమ్మాడా? లేదు. రథం దిగి లెక్కపెట్టుకున్నాడు! లెక్క సరిపోయాకే ఆ విద్య అడిగి నేర్చుకున్నాడు.

ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో చింతపిక్కలతో ఆడే కుర్రాళ్ళకి చెప్పేదీ అదే. ఊహించకండి, చూడండి. చూసింది రాయండి. రాసింది లెక్కపెట్టండి. ఆ లెక్క మాత్రం మీ పేజీ దగ్గర మొదలెట్టండి. అక్కడ కూడిక తప్పితే, అవతలివాడు బిస్కెట్టు తింటే మనకేమిటి, తినకపోతే మనకేమిటి?