వంటయింటి ప్రార్థన

విశ్వాసము బలపడుటకు ఏకాంతమే కావలెనని పలువురు తలంతురు. 17వ శతాబ్దమున పారిస్ నగరమందలి కార్మెలీయ మఠములో వంటపని చేసిన సోదరుడు లారెన్సు జీవితము వేరొక మార్గమును చూపుచున్నది.

ఆయన పూర్వము సైనికుడు, యుద్ధమున గాయపడెను. 1640లో మఠమున చేరగా, స్వభావముచే తనకు గిట్టని వంటపనియే లభించెను. ద్రాక్షారసము కొనుటకు పంపినప్పుడు, కుంటికాలితో నడువలేక, పడవలోని పీపాలపై దొర్లుచు మెలగెను.

ప్రతి పనికి ముందు దేవుని సహాయమును వేడుట, ముగిసిన పిదప కృతజ్ఞత తెలుపుట, తప్పినచో ఒప్పుకొని మరల పనికి పూనుకొనుట: ఇదియే ఆయన అభ్యాసము. అయినను, దాదాపు పదియేండ్లు మనోవేదనకు లోనైన పిదపనే శాంతి చేకూరెను. అది 1691లో మరణించువరకు ఆయనను విడువలేదు.

పొలమునకైనను కచేరికైనను పోవు విశ్వాసికి ఈ అభ్యాసము సాధ్యమే. ఫలము వెంటనే కానరాదని మానరాదు.