నెర్రెల దారిన బోరులోకి

మే నెలలో పల్నాడులోని గురజాల, మాచర్ల వైపు నల్లరేగడి చేలో చెయ్యి పెట్టి చూడండి, నెర్రెలోకి మోచేతి దాకా దిగిపోతుంది. అదే చేను ఆగస్టు ముసురులో కాళ్ల చెప్పులు ఊడబెరుకుతుంది. రెండింటికీ కారణం ఒకటే. రేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని పగులుతుంది. పాఠ్యపుస్తకాల్లో నేల కాలుష్యం ఒక పాఠం, నీటి కాలుష్యం ఇంకో పాఠం. పరీక్ష రాయడానికి అది బాగానే ఉంటుంది గానీ పల్నాడు నేల ఆ విభజనకు ఒప్పుకోదు. ఇక్కడ చేలో వేసిందేదైనా నెర్రె పట్టుకుని కిందికి పోవాలని చూస్తుంది.

ఇది కళ్లారా చూడాలంటే బడి ల్యాబ్ చాలు. రెండు ప్లాస్టిక్ సీసాలకు అడుగున చిల్లులు పెట్టి, నలిపిన రేగడి మట్టి నింపండి. సగానికి సగం ఇసుక కలపండి, లేకపోతే నీళ్లు దిగేసరికి లాంగ్ బెల్ కొడతారు. ఒకదాంట్లో మిథిలీన్ బ్లూ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో ఎర్రటి ఇయోసిన్ నీళ్లు పోయండి. నీలం దాదాపుగా మట్టిలోనే ఆగిపోయి, కింద తేట నీళ్లు పడతాయి. ఎరుపు మాత్రం చాలావరకు ఎర్రగానే కారుతుంది. బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. మిథిలీన్ బ్లూ ధనావేశం గలది కనుక అంటుకుంటుంది. ఇయోసిన్ రుణావేశం గలది కనుక మట్టి దాన్ని పట్టుకోదు. ఇప్పుడు తడిపి, ఎండబెట్టి, పగుళ్లిచ్చిన రేగడి పెళ్లను ఇంకో సీసాలో పెట్టి నీలం నీళ్లు పోయండి. ఇందాక బుద్ధిగా ఆగిన నీలమే ఈసారి పగుళ్లలోంచి జారి కిందికి వచ్చేస్తుంది. మట్టికి పట్టుకునే శక్తి ఉన్నా, పట్టుకునేంత సమయం నీళ్లు ఇవ్వలేదు.

ఈ ఎర్ర రంగు స్థానంలో యూరియాను ఊహించుకోండి. చేలో వేసిన యూరియా ముందు అమ్మోనియంగా మారుతుంది. దానికి ధనావేశం, మట్టిలో నిలుస్తుంది. తర్వాత నేలలోని బాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తాయి. నైట్రేట్‌కు రుణావేశం. మొక్క పీల్చుకున్నంత పీల్చుకోగా మిగిలింది వానతోనో కాలువ తడితోనో కిందికి దిగిపోతుంది. 45 కిలోల యూరియా కట్టలో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోల పైచిలుకు. అందులో ఒక్క కిలో నత్రజని నైట్రేట్‌గా మారి భూగర్భ జలాన్ని చేరిందనుకుందాం. ఆ నైట్రేట్ బరువు 4.4 కిలోలవుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన భారతీయ ప్రమాణం. లెక్క కట్టి చూడండి: ఆ కిలో ఒక్కటే దాదాపు లక్ష లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తీసుకుపోతుంది. నైట్రేట్‌కు రంగూ వాసనా ఉండవు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఆ నీళ్లతో పాలపొడి కలిపి పట్టిన పసిబిడ్డల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు. ఒళ్లు నీలంగా మారుతుంది.

పురుగుమందుల దారి కొంచెం వేరు. పాత మందుల్లో డీడీటీ, గమాక్సిన్ లాంటివి నీళ్లలో పెద్దగా కరగవు, మట్టినే అంటిపెట్టుకుని ఏళ్ల తరబడి ఉంటాయి. వాన మట్టిని కోసుకుపోతే దాంతోపాటే వాగులో పడతాయి. కారెంపూడి, దాచేపల్లి మీదుగా పారే నాగులేరు చివరికి కలిసేది కృష్ణలోనే. తర్వాత వచ్చిన వాటిలో మోనోక్రోటోఫాస్ లాంటివి నీళ్లలో బాగా కరుగుతాయి, త్వరగా విచ్ఛిన్నమవుతాయి. కాకపోతే కొట్టిన రెండో రోజే పెద్ద వాన పడితే ఆ త్వరపాటు ఎందుకూ కొరగాదు.

మందు ఎందుకంత కొట్టాల్సి వస్తుందో కూడా చూడాలి. 1987-88లో అప్పటి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ దెబ్బతీసింది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు విపరీతంగా కొట్టడంతో తెల్లదోమను తినే మిత్రపురుగులు చచ్చిపోవడం అందుకు ఒక కారణం. 2021లో మిరప పూతలో నల్ల తామర పురుగు దిగినప్పుడూ మందు మీద మందే. పురుగు పూవు లోపల దాక్కుంటుంది, దాని కోశస్థ దశ మట్టిలో గడుస్తుంది. పైన ఎంత కొట్టినా అందనిది కొంత ఉంటుంది. అందని కొద్దీ రైతు ఇంకో మందు, ఇంకో డబ్బా. అప్పు చేసి తోట వేసిన మనిషిని తప్పుపట్టడం నాకు చేతకాదు. ఏ మందు ఎంత కొట్టాలో మందుల కొట్టు కౌంటర్ దగ్గర తేలే పద్ధతినే తప్పుపట్టాలి.

ఇక నేల అడుగున ఏముందో చూద్దాం. నాపరాళ్ల గనులు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, అన్నిటికీ ఆధారం సున్నపురాయే. నాగార్జునకొండ శిల్పాలు చెక్కిందీ దానిమీదే. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన ఆమ్లమై ఈ రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. సబ్బు నురగ రాని కఠినత్వానికి, బిందె అడుగున తెల్లపొరకు అదే మూలం. ఆ కరుగుడు వల్లే రాతి అతుకులు వెడల్పవుతాయి. ఇసుక నేల నీటిని జల్లెడ పట్టినట్టు వడకడుతుంది. సున్నపురాతి సందు ఏదీ వడకట్టదు. మరుగుదొడ్డి గుంత పక్కనే బోరు ఉంటే సూక్ష్మజీవులకు అది తిన్నని బాట. 2024 అక్టోబరులో దాచేపల్లిలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు ముందుగా అనుమానం పడింది తాగే నీటి మీదే.

అన్నీ మనిషి కలిపినవే కావు. వినుకొండ వైపు నీళ్లలోని ఫ్లోరైడ్ రాళ్ల నుంచి వచ్చింది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, పొరుగున ఉన్న దర్శి, పొదిలి ప్రాంతంలోనే.

చేయగలిగినవి చాలానే ఉన్నాయి. యూరియాను ఒకేసారి కాకుండా విడతలుగా వేయడం, నెర్రెలు విచ్చుకున్న పొడి చేలో పెద్ద వానకు ముందు చల్లకపోవడం, మందు డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లను స్ప్రేయర్ ట్యాంకులోనే పోసి చేలో కొట్టేయడం. తైవాన్ స్ప్రేయర్‌ను సాగర్ కాలువలో కడగకండి. ఆ కాలువతోనే ఊళ్ల మంచినీటి చెరువులు నింపుతారు.

విద్యార్థులకు ఒక పని. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లకు నీటి పరీక్ష కిట్లు ఇచ్చారు. మీ ఊరిది ఎక్కడుందో, ఎవరి బీరువాలో ఉందో పంచాయతీలో అడగండి. మీ వీధి బోరు నీటిని వానలకు ముందొకసారి, వానలయ్యాక ఒకసారి పరీక్షించమనండి. నీళ్లు తేటగానే ఉన్నాయి కదా అంటే ఊరుకోకండి, నైట్రేట్ ఎంతో అంకె చెప్పమనండి.