మీకు తెలుసా? మూడు నిమిషాల వెన్నెల, రాత్రంతా ఫ్యాను

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ వీధుల్లో రాత్రి షూటింగ్ జరుగుతుంటే పక్కనే ఓ జనరేటర్ వ్యాన్ కనిపిస్తుంది. తెర మీద వెన్నెల కురిపించే పెద్ద హెచ్‌ఎంఐ లైటు ఒక్కటే 18,000 వాట్లు లాగుతుంది మరి! క్యాంపింగ్‌కి పట్టుకెళ్లే 1,000 వాట్‌అవర్ల పోర్టబుల్ పవర్ స్టేషన్‌కి దాన్ని తగిలిస్తే (అసలు వెలగదు, అంత లోడు మోయలేదు) వెలిగిందనుకున్నా మూడు నిమిషాలకే పెట్టె ఖాళీ.

అదే పెట్టె, ఇంట్లో కరెంటు పోయిన రాత్రి? లోపలి ఇన్వర్టర్ తినేది పోగా 850 వాట్‌అవర్లు చేతికొస్తాయనుకుందాం. 50 వాట్ల టేబుల్ ఫ్యాను, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు, 10 వాట్ల వైఫై రూటర్ కలిపి దాదాపు పదకొండు గంటలు నడుస్తాయి. ఇండక్షన్ స్టవ్ మాత్రం పెట్టకండి.

కొనేటప్పుడు రెండు అంకెలు కలగాపులగం చేసుకోవద్దు. వాట్లు ఎంత లోడు మోస్తుందో చెబుతాయి, వాట్‌అవర్లు ఎంతసేపో చెబుతాయి. ఫ్రిజ్ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ లాగుతుంది కాబట్టి సర్జ్ వాట్లూ చూడాలి. బ్యాటరీల్లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కే నా ఓటు. బరువెక్కువే, కానీ వేలసార్లు చార్జింగ్ తట్టుకుంటుంది.

ఇంకో సంగతి. సినిమా కెమెరాల వెనక బిగించే ఎన్నో బ్యాటరీలు 98 వాట్‌అవర్ల దగ్గరే ఎందుకు ఆగుతాయి? విమానంలో ముందస్తు అనుమతి లేకుండా వెంట తీసుకెళ్లగలిగే హద్దు 100. అనుమతితో 160 దాకా. ఆపైన ప్రయాణికుల సామానులో ఎక్కనివ్వరు. అందుకే మీ పవర్ స్టేషన్‌ను వికారాబాద్ అనంతగిరికి కారులో తీసుకెళ్లండి. గోవా విమానానికి మాత్రం వద్దు.